మందు లేని సూది

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు మాణికేశ్వర్ నగర్‌లోని మా ఇంటికి శ్రమ తీసుకుని వచ్చి, "ఈసారి ఆరోగ్యం మీద ప్రత్యేక సంచిక వేస్తున్నాం. సభలో మీరూ మాట్లాడాలి, ఆ ప్రసంగమే అచ్చు వేస్తాం" అన్నారు. డి.ఆర్. బకాయిల గురించైతే కాగితం చూడకుండా గంటసేపు మాట్లాడగలను గాని, ఆరోగ్యం గురించి నేనేం చెప్పగలనండీ అన్నాను. "మీ ఇంట్లో జరిగింది చెప్పండి చాలు" అన్నారాయన. మా ఆవిడ లోపలినుంచి విని, "చెప్పండి గాని నా పేరు ఎత్తకండి" అంది. అందుచేత ఈ ప్రసంగంలో ఎవరి పేరూ ఉండదు, పుస్తకాలకెక్కినవారి పేర్లు తప్ప.

నేను డాక్టరును కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా ఉద్యోగ విరమణ చేసిన మామూలు గుమాస్తాను. కాగితం చదవడం, లెక్క సరిచూడడం, రసీదు లేనిదే బిల్లు పాస్ చేయకపోవడం, ఇవే నాకు వచ్చిన విద్యలు. క్యాన్సరు నొప్పికి ఆక్యుపంక్చరు సూదులు పనిచేస్తాయా అన్న ప్రశ్నను కూడా నేను ఆ గుమాస్తా బుద్ధితోనే చూశాను. కనుక పండితులెవరైనా ఉంటే మన్నించాలి.

ముందు మా పెద్దన్నయ్య సంగతి చెప్పాలి. భువనగిరి దగ్గర మా ఊళ్ళో వ్యవసాయం చేసుకునేవారు. ఊపిరితిత్తుల్లో మొదలైన క్యాన్సరు వెన్నెముకకు పాకి 1995లో పోయారు. పోవడం సరే, అందరం పోయేవాళ్ళమే. చివరి రెండు నెలలు ఆయన పడిన బాధ మాత్రం ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది. మాకు రాసిచ్చినవి పారాసెటమాల్, డైక్లోఫెనాక్ మాత్రలు. ఆ నొప్పికి అవి ఏ మూలకూ రాలేదు. పిల్లలు వింటారని తువ్వాలు నోట్లో కుక్కుకునేవారు. శనివారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి అటే బస్సెక్కి వెళితే చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, ఏదన్నా ఒక సూది వేయించురా" అనేవారు. వేయించడానికి సూది లేదు. మేము చూపించిన ఆసుపత్రిలో మార్ఫిన్ అనే మందు లేదు. అలాంటిది ఒకటి ఉంటుందని మాకు చెప్పినవారూ లేరు. ఎందుకు లేదో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

2016లో మా ఆవిడకు ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషను, కీమోథెరపీ, రేడియేషను అన్నీ అయ్యాయి. అందులో చెప్పవలసింది పెద్దగా లేదు. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఐదేళ్ళపాటు రోజుకొక లెట్రోజోల్ మాత్ర వేసుకోవాలన్నారు. రుతుక్రమం ఆగిపోయిన తర్వాత కూడా ఒంట్లో కొద్దిగా ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంటుందట. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లకు అదే ఆహారం. ఈ మాత్ర ఆ తయారీని ఆపుతుంది. జబ్బు తిరగబెట్టకుండా కాపాడేది ఇదేనని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. అయితే ఈ మాత్ర వేసుకునే స్త్రీలలో దాదాపు సగంమందికి కీళ్ళు పట్టేస్తాయి, నొప్పులు వస్తాయి. ఆ ముక్క మేము సరిగా వినలేదు.

మాత్రలకు నేనొక రిజిస్టరు పెట్టాను. ప్రారంభ నిల్వ, వచ్చినవి, వాడినవి, ముగింపు నిల్వ. పిల్లలు నవ్వేవారు. 2018 జూలైలో ఒక ఆదివారం డబ్బా దింపి లెక్క చూస్తే, రిజిస్టరు ప్రకారం పదకొండు మాత్రలు ఉండవలసినచోట ఇరవై ఆరు ఉన్నాయి. మన సర్వీసులో నిల్వ తక్కువైతే మెమో గాని, ఎక్కువైతే ఏంచేయాలో తెలియదు. ఆవిడను అడిగాను. మొదట, మీ లెక్కే తప్పంది. తర్వాత మంచం మీద కూర్చుని ఏడ్చింది.

"పొద్దున్నే లేస్తే పిడికిలి బిగియదు. జడ వేసుకోలేను. పచ్చడి సీసా మూత రాదు. బాత్రూములో కూర్చుంటే లేవలేను. క్యాన్సరుతోనైతే ఒకసారి చస్తాను, ఈ మాత్రతో రోజూ చస్తున్నాను. అందుకే మానేశాను" అంది.

సోదరులారా, ఆ పదిహేను రోజులకు ముందు ఏడాదిగా ఆవిడ ఆ చేతులతోనే నాకు పొద్దున్నే చాయ్ పెట్టి ఇస్తోంది. నేను పేపరు చదువుతూ తాగాను. ఆసుపత్రిలో "ఎలా ఉన్నారమ్మా" అని అడిగితే "బాగున్నానండీ" అనేది. పక్కనే కూర్చున్న నేను కూడా, బాగుందండీ అనేవాడిని.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా బావమరిది మమ్మల్ని ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళాడు. గోడనిండా మనిషి బొమ్మ, దాని మీద గీతలు, చుక్కలు. ఆయన నాడి పట్టుకుని, "నొప్పులే కాదు, నలభై సిట్టింగులలో జబ్బు మూలమే తీసేస్తాను. ఇంగ్లీషు మందు ఈ రోజునుంచే ఆపేయండి" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. మా ఆవిడకైతే పండగే. అప్పటిదాకా దొంగతనంగా మానేసిన మాత్రను మూడు రోజులు నా అనుమతితో మానేసింది. ఆ మూడు రోజులూ రిజిస్టరులో ఉన్నాయి, ఎదురుగా సంతకం నాదే. నాలుగో రోజు అడ్వాన్సు డబ్బు పట్టుకుని వెళ్ళాను. రసీదు ఇమ్మన్నాను. రసీదులు ఇచ్చే అలవాటు లేదన్నారు. ముప్పయ్యారేళ్ళలో రసీదు లేని చెల్లింపును నేను పాస్ చేయలేదు. ఆ ఒక్క కారణంచేత డబ్బు జేబులో పెట్టుకుని తిరిగి వచ్చాను గాని, తెలివితేటలవల్ల కాదు.

ఆగస్టులో క్యాన్సరు డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాం. తిడతారనుకున్నాను. ఆయన మా ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, "ముందే చెప్పాల్సింది కదమ్మా" అని మాత్రం అన్నారు. ఈ నొప్పికి మార్గాలు ఉన్నాయన్నారు. రోజూ నడవడం, వ్యాయామం ఒకటి. ఇదే జాతికి చెందిన మరో మాత్రకు మారడం ఒకటి. ఆక్యుపంక్చరు కూడా ఒకటి. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన నవ్వి, "సూదులు వద్దని నేననను. మాత్ర ఆపమనేవారి దగ్గరికి వెళ్ళవద్దంటాను" అన్నారు. సరిగ్గా మీ ఆవిడలాంటి వారిమీదే చేసిన పరిశీలన ఒకటి పోయిన నెలలో అమెరికా వైద్య పత్రికలో వచ్చిందని చెప్పారు.

దాని వివరాలు మా అబ్బాయి తీసి ఇచ్చాడు. రొమ్ము క్యాన్సరుకు ఈ తరహా మాత్రలు వాడుతూ కీళ్ళ నొప్పులతో బాధపడుతున్న 226 మంది స్త్రీలను మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి అసలైన ఆక్యుపంక్చరు, రెండో వర్గానికి అసలు స్థానాలు కానిచోట పైపైన గుచ్చే ఉత్తుత్తి సూదులు, మూడో వర్గానికి ఏమీ లేదు. నొప్పిని సున్నా నుంచి పది వరకు మార్కులు వేయమంటే, ఆరు వారాలకు అసలు సూదులవారికి సుమారు రెండు మార్కులు తగ్గింది, మిగతా రెండు వర్గాలకూ సుమారు ఒక్కొక్క మార్కు తగ్గింది. అంటే సూది వల్ల అదనంగా వచ్చిన లాభం ఒక మార్కు. రచయితలే నిజాయితీగా, తేడా ఉంది గాని అది చిన్నదేనని ఒప్పుకున్నారు. మూలమే తీసేస్తానన్న పెద్దమనిషి మాటకూ, ఈ ఒక మార్కుకూ ఎంత దూరమో చూడండి. నాకు ఈ ఒక మార్కు మీదే నమ్మకం కుదిరింది.

బల్కంపేటలో ప్రకృతి వైద్య కళాశాల ఉన్నది మీకు తెలుసు. అలాంటిచోట ఐదున్నరేళ్ళు చదివి పట్టా పుచ్చుకున్న ఒక లేడీ డాక్టరు అమీర్‌పేట ప్రాంతంలో ఉన్నారని తెలిసి వెళ్ళాం. అప్పటికి తార్నాక నుంచి అమీర్‌పేటకు మెట్రో రైలు వచ్చి ఏడాది కాలేదు. మా ఆవిడ మెట్రో ఎక్కడం అదే మొదలు. కిటికీలోంచి చూస్తూ ఆ రోజు నొప్పి సంగతి మరచిపోయిందని నా అనుమానం.

ఆ డాక్టరమ్మ ముందు కాగితాలన్నీ చదివారు. రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే సూది వేయకూడదట, చీము పట్టడమో నెత్తురు ఆగకపోవడమో జరగవచ్చు. ఆపరేషనులో ఎడమ చంకలోని గ్రంథులు తీసేశారు గనుక ఆ చేతికి సూది ముట్టించలేదు. ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉందన్నారు. కుడిచెయ్యి, రెండు కాళ్ళు, చెవులు మాత్రమే. ప్రతిసారీ కొత్త సూదుల కవరు మా కళ్ళముందు చింపి, పని అయ్యాక వాటిని పారేసేవారు. ఎన్ని గుచ్చారో, ఎన్ని తీశారో లెక్కపెట్టేవారు. లెక్కపెట్టేవారంటే నాకు గౌరవం.

"సూది అంటున్నారు, మరి మందేదీ?" అని మా ఆవిడ మొదటిరోజు అడిగింది. మనకు సూది అంటే సూదిమందే కదా. ఇందులో మందు లేదు. వెంట్రుకకంటే కొంచెం లావు ఉన్న ఉక్కు సూది, పావు మిల్లీమీటరు మందం. గుచ్చితే చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత అక్కడ బరువుగా, తిమ్మిరిగా అనిపిస్తుందట. ఇరవై నిమిషాలో అరగంటో ఉంచి తీసేస్తారు. కొందరికి సన్నటి కరెంటు కూడా పెడతారు.

మందు లేనిది ఎలా పనిచేస్తుందని నేనూ అడిగాను. చైనావారి పాత శాస్త్రం ప్రకారం ఒంట్లో శక్తి ప్రవహించే నాడీమార్గాలున్నాయి. ఇప్పటి వైద్యులు ఆ మార్గాల జోలికి పోకుండా వేరే మాట చెబుతారు. సూది గుచ్చిన కబురు నరాల వెంట వెన్నుపాముకు, మెదడుకు చేరితే, మెదడు ఎండార్ఫిన్లనే సొంత నొప్పి మందును వదులుతుందట. 1970లలో శాస్త్రజ్ఞులు దీన్ని ఒక చమత్కారంతో పరీక్షించారు. మార్ఫిన్ ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ అనే మందు ఇస్తే సూదివల్ల వచ్చిన ఉపశమనం కూడా విరిగిపోయింది. నాకు ఇది విన్నప్పుడు మా ఊళ్ళో వాతలు పెట్టడం గుర్తొచ్చింది. నడుం నొప్పికి కాల్చిన ఇనుముతో వాత పెట్టేవారు, మా అమ్మ వీపు మీద ఆ మచ్చ చివరిదాకా ఉండేది. నొప్పిని నొప్పితో మరిపించడం మనవాళ్ళకూ తెలిసిందే, పద్ధతే మోటు.

ఈ విద్య మన దేశానికి వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 1938లో జపాను దాడికి గురైన చైనాకు సాయంగా మన జాతీయ కాంగ్రెసు ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో కోట్నీస్ మన తెలుగు పద్మశాలీలు వేలాదిగా స్థిరపడిన షోలాపూరులో పుట్టినవాడు. 1942లో చైనాలోనే చనిపోయాడు. ఆయన మీద శాంతారాం తీసిన సినిమా మనలో పాతవారు చూసే ఉంటారు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తిరిగివచ్చి, 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చరు నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తిస్తూ 2003లో ఉత్తర్వు ఇచ్చింది, 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. ఉత్తర్వు ఉన్నంతమాత్రాన బోర్డు కట్టినవాడల్లా అర్హుడు కాడని మనకు వేరే చెప్పాలా? జి.ఓ. ఒకటి, అమలు ఒకటి.

ఇక ఫలితం. వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు, తర్వాత వారానికొకసారి ఆరు వారాలు వెళ్ళాం. నేను రిజిస్టరులో ఇంకో గడి గీసి, రోజూ పొద్దున మార్కులు వేయమనేవాడిని. మొదటి వారం ఏడు. మూడో వారం ఆరు. దసరాకు ఇల్లు దులిపి, దుప్పట్లన్నీ ఉతికి మళ్ళీ ఏడుకు పోయింది, నేను కోప్పడ్డాను. పన్నెండో వారానికి నాలుగు. సున్నా ఏ రోజూ రాలేదు. నాలుగు అంటే ఏమిటని మీరడగవచ్చు. సీసా మూత వస్తుంది, జడ తనే వేసుకుంటుంది, బాత్రూములో గోడ పట్టుకుని లేస్తుంది. నడకవల్ల ఎంత, సూదివల్ల ఎంత, మెట్రో రైలువల్ల ఎంత అని విడదీసి చెప్పమంటే నావల్ల కాదు. అసలు సంగతి, మాత్ర ఆగలేదు. 2022 వరకు, ఆ పద్దెనిమిది రోజులు మినహా, ముగింపు నిల్వ సరిపోయింది. ఖర్చంతా మా జేబులోంచే పోయింది. దాని బిల్లులు కూడా ఫైలులో ఉన్నాయి, ఎప్పటికైనా పనికొస్తాయని.

కథ ఇక్కడితో అయిపోతే నేను కూడా సూదికి ప్రచారకుడినై ఉండేవాడిని. 2021లో ఇంకొకటి జరిగింది.

మా మాణికేశ్వర్ నగర్‌ను పాతవాళ్ళు వడ్డెర బస్తీ అంటారు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనానికి తమ తాతలే బండలు కొట్టారని అక్కడి పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు. మా వీధిలో అలాంటి ఇంటి పెద్దాయనకు నోటి క్యాన్సరు వచ్చింది. చికిత్స చేసినా ఆగక దవడ ఎముకకు, మెడకు పాకింది. రాత్రుళ్ళు ఆయన మూలుగు మా ఇంటికి వినిపించేది. కొడుకు వచ్చి, "సారూ, అమ్మకు చేయించిన సూదులు మా నాయనకు గూడ చేయిస్తరా? మందులు ఏమీ ఇస్తలేరు, నొప్పికి తట్టుకుంటలేడు" అన్నాడు. నేను ఉత్సాహంగా ఆటో మాట్లాడి అమీర్‌పేటకు తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ ఆయన మెడ చూశారు, కాగితాలు చూశారు. ప్లేట్‌లెట్లు తక్కువ. మెడ మీద గడ్డ చిట్లి పుండు పడింది. ఒక్క సూది కూడా వేయలేదు, ఫీజు తీసుకోలేదు. "ఈయనకు ముందు కావలసింది నా సూది కాదండీ. రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అక్కడ నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగం ఉంది" అన్నారు.

మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద 1955 నుంచి ఉన్న ఆ ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి మనకు తెలుసు గాని, నొప్పికి అక్కడ ప్రత్యేకంగా డాక్టర్లు ఉంటారని నాకు తెలియదు. ఆయన్ను పది వరకు మార్కులు వేయమన్నారు. ఆయన చదువుకోలేదు. రెండు చేతులూ చాపి పది వేళ్ళూ చూపించాడు. మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. నాలుగు గంటలకొకటి, నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది గనుక దానికి వేరే మందు. మొదటి కొద్దిరోజులు వాంతులు, మత్తు ఉండవచ్చన్నారు. కొడుకు నా చెవిలో, "సారూ, ఇది నల్లమందట గదా, అలవాటైతదా?" అన్నాడు. డాక్టరుగారు విని, క్యాన్సరు నొప్పికి వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చేటప్పుడు వ్యసనంగా మారడం చాలా అరుదనీ, తగిన మోతాదులో ఆయుష్షును తగ్గించదనీ ఓపికగా చెప్పారు.

మూడో రోజు తెల్లవారుజామున ఆ ఇంటి పెద్దమ్మ మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. నేను భయపడుతూ తలుపు తీశాను. "పండుకున్నడు సారూ. రాతిరంత పండుకున్నడు" అంది. ఆమె కూడా పడుకుని లేచిన ముఖమే అది.

ఆయన ఇంకో నాలుగు నెలలు ఉన్నాడు. వాంతులకు మాత్రలు ఇచ్చారు, డాక్టరమ్మ కూడా ఫోనులో కొడుక్కు ఒక కిటుకు చెప్పారు: మణికట్టు మడతకు మూడు వేళ్ళ వెడల్పు పైన, రెండు నరాల మధ్య బొటనవేలితో నొక్కి పట్టుకోమని. కీమోథెరపీ వికారానికి ఈ స్థానంలో సూది పనిచేస్తుందని 1997లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం చెప్పింది. మార్ఫిన్ వికారానికి ఎంత పనిచేసిందో నేను చెప్పలేను. కొడుకు సాయంత్రం పూట చెయ్యి పట్టుకుని కూర్చోవడం మాత్రం పెద్దాయనకు బాగా నచ్చింది. చేయి వదిలితే ఇంకో చేయి ఇచ్చేవాడు.

ఆ రోజుల్లోనే నేను మా అన్నయ్య సంగతి తవ్వాను. నొప్పికి మెట్లవారీగా మందులివ్వాలని, చివరి మెట్టులో మార్ఫిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. అదే సమయానికి మన దేశంలో 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఆసుపత్రికి నాలుగైదు రకాల లైసెన్సులు, వేర్వేరు శాఖలనుంచి, అన్నీ ఏకకాలంలో చెల్లుబాటులో ఉండాలి. ఒకటి వచ్చేసరికి ఇంకొకటి గడువు తీరేది. మనలో ఆ సీట్లలో కూర్చున్నవారికి అది ఎలా జరుగుతుందో నేను చెప్పనక్కరలేదు. తప్పయితే పదేళ్ళ జైలు. దుకాణాలవారు, ఆసుపత్రులవారు ఎందుకొచ్చిన గొడవని మానేశారు. 1985 నుంచి 1997కు వచ్చేసరికి దేశంలో మార్ఫిన్ వైద్య వాడకం 97 శాతం పడిపోయింది. మన అన్నయ్యలు, అక్కయ్యలు తువ్వాలు నోట్లో కుక్కుకున్న ఏళ్ళు అవే. ఇంకో విచిత్రం, నల్లమందును ప్రభుత్వ లైసెన్సుతో పండించే కొద్ది దేశాలలో మనది ఒకటి. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ప్రభుత్వ కర్మాగారాలే ఉన్నాయి.

కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, మిత్రులు 1993లో కాలికట్‌లో నొప్పి నివారణ సంఘం పెట్టి, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఢిల్లీ చుట్టూ తిరిగితే 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఒకే అనుమతి చాలు. 1995లో మా అన్నయ్య అడిగిన సూది, ఆయనకు పందొమ్మిదేళ్ళు ఆలస్యంగా మంజూరైంది.

ఇటీవలి సంగతులు రెండు చెప్పి ముగిస్తాను. 2022లో అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘం మరో సంఘంతో కలిసి మార్గదర్శకాలు ఇచ్చింది. మా ఆవిడలా మాత్రవల్ల వచ్చిన కీళ్ళ నొప్పులకు ఆక్యుపంక్చరు ఇవ్వాలని, మామూలు క్యాన్సరు నొప్పికి, కీమో తర్వాత వచ్చే చేతికాళ్ళ తిమ్మిరి మంటలకు ఇచ్చి చూడవచ్చని అందులో ఉంది. మందులు మానమని ఎక్కడా లేదు. రెండోది మీకు నచ్చుతుంది. ముదిరిన క్యాన్సరుతో నొప్పులున్న 298 మందికి కొందరికి ఆక్యుపంక్చరు, కొందరికి మసాజు చేసి 2023లో ఫలితం ప్రకటించారు. ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. అంటే నూనె పెట్టి ఒళ్ళు పట్టేవారు ఇంట్లో ఉంటే వారిని కూడా తక్కువగా చూడకండి. మా ఆవిడ ఈ వాక్యం రెండుసార్లు చదవమంది.

సూదుల దగ్గరికి వెళ్ళదలచినవారు ముందు మీ క్యాన్సరు డాక్టరుకు చెప్పి, రక్తపరీక్ష కాగితం చేత్తో పట్టుకుని వెళ్ళండి. పుండు మీద, గడ్డ మీద, వాచిన చేతి మీద గుచ్చుతానంటే లేచి వచ్చేయండి. నెత్తురు పలచబడే మందులు వాడుతుంటే ఆ మాట చెప్పండి. రసీదు అడగండి. ఇంట్లో ఎవరికైనా నొప్పి ఉంటే, ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు వారి తరఫున మీరు "బాగుందండీ" అనకండి. మార్ఫిన్ అవసరమైనవారికి ఎం.ఎన్.జె.లోనే కాక జిల్లాల్లో కూడా పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు. 'ఆలన' పేరుతో ఇంటికి వచ్చి చూసే వాహనాలు కూడా నడిపారు. మీ జిల్లాలో ఎక్కడుందో ప్రభుత్వ ఆసుపత్రిలో కనుక్కోండి.

రిజిస్టరు వెంట తెచ్చాను. ఎలా గీసుకోవాలో చూడదలచినవారు భోజనాల తర్వాత నా దగ్గరికి రావచ్చు. మార్కుల గడి ఆకుపచ్చ సిరాతో ఉంది, ఆ సిరాకు నాకు అధికారం లేదని తెలుసు, మన్నించాలి. కార్యదర్శిగారు గంట చూపిస్తున్నారు.